చిలికా నీటిలో ఉప్పు లెక్క

ఇచ్ఛాపురం నుంచి మా పిన్ని వచ్చిందంటే, ఒడిశాలోని చిలికా సరస్సులో దీవి మీదున్న కాళీజాయి అమ్మవారి దర్శనం తప్పదు. బరంపురంలో పొద్దున్నే బయలుదేరితే గంటన్నరలో బార్కుల్ రేవు చేరతాం. అక్కడి నుంచి పడవ. నిరుడు జనవరిలో వెళ్ళినప్పుడు, పడవ గట్టు వదిలి కొంత దూరం పోగానే పిన్ని పక్కకు వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుకకు తాకించి చూసింది. ముఖం చిట్లించి, "ఉప్పగానే ఉన్నాయి గాని సముద్రమంత లేవు. ఇంతకీ ఇది సముద్రమా, చెరువా?" అని పడవ నడిపేవాణ్ణి అడిగింది. గట్టు దగ్గర లోతు చాలదని అతను ఇంకా మోటారు వేయలేదు, గడతోనే నెడుతున్నాడు. మా కోసం ఒడియా యాస కలిసిన తెలుగులో, "ఏ నెలలో అడుగుతున్నారమ్మా?" అన్నాడు.

అతను వేళాకోళం ఆడుతున్నాడని పిన్ని అనుకుంది. నేనూ అనుకున్నాను. కానీ చిలికా గురించి ఆ ప్రశ్నకు సరైన జవాబు అదొక్కటే. చేపలు, డాల్ఫిన్లు, రెల్లు గడ్డి, రొయ్యల చెరువుల తగాదాలు, సుప్రీంకోర్టు తీర్పులు అన్నీ చివరికి ఆ నీటిలో ఏ నెలలో ఎంత ఉప్పుంది అన్న దగ్గరకే వస్తాయి. ఈ సరస్సును కాపాడడమంటే ఆ ఉప్పు లెక్క తప్పకుండా చూడడమే. అది వినడానికి తేలిక. ఆచరణలో ఎంత చిక్కో చూద్దాం.

పటంలో చిలికా ఒక సొరకాయలా కనిపిస్తుంది. ఈశాన్యం వైపు లావు, నైరుతి వైపు సన్నం. పొడవు దాదాపు 65 కిలోమీటర్లు. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల్లో పరచుకుని ఉంటుంది. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయి, వానాకాలంలో 1,165 వరకు ఉబ్బుతుంది. అంత విశాలమైన నీటికి లోతు మాత్రం విచిత్రంగా తక్కువ. చాలా చోట్ల ఎండల్లో మనిషి మోకాలు దాటదు. బంగాళాఖాతానికీ దీనికీ మధ్య ఒక పొడవాటి ఇసుక మేట అడ్డుగోడలా నిలబడి ఉంది. వేల ఏళ్ళ క్రితం ఇది సముద్రంలో ఒక వంపు. అలలు ఇసుకను తెచ్చి తెచ్చి ఆ వంపును మూసేశాయి, పూర్తిగా మూయలేక ఒక సందు వదిలాయి. కథంతా ఆ సందులోనే ఉంది.

సరస్సుకు పడమర, దక్షిణ దిక్కుల్లో తూర్పు కనుమలు నీటి అంచు దాకా దిగి వస్తాయి. దక్షిణ కొసనున్న రంభ ఊరి దగ్గర నీళ్ళలోంచి పైకి లేచిన దీవుల బండరాళ్ళు చూస్తే విశాఖ కైలాసగిరి రాళ్ళు గుర్తొస్తాయి. గుర్తు రావడంలో వింత లేదు, రెండూ ఒకే జాతి రాయి. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఖోండలైట్ అని పేరు పెట్టారు.

తెలుగువారికి చిలికా పరాయిది కాదని చెప్పడానికి రాయి ఒక్కటే సాక్ష్యం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా రంభ, ఖల్లికోట ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అంటే ఒకే సరస్సులో దక్షిణపు కొన మద్రాసుది, ఉత్తరపు భాగం ఇంకో ప్రభుత్వానిది. చేపలకు ఆ సంగతి తెలియదు గాని పన్ను వసూలు చేసేవాళ్ళకు బాగా తెలుసు. బరంపురంలో తెలుగు వీధులు, ఛత్రపురం, గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే జాలరి పల్లెలు ఆ కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ ఉన్నవే. మద్రాసు నుంచి హౌరా వెళ్ళే రైలు ఎక్కితే పడమటి ఒడ్డు వెంట కిటికీ పక్కనే చిలికా కనిపిస్తుంది. కలకత్తా వెళ్ళొచ్చిన మన పాతతరం వారిలో చాలామందికి ఈ సరస్సుతో పరిచయం ఆ కిటికీలోంచే.

ఇక నీళ్ళ సంగతి. చిలికాలోకి నీరు మూడు వైపుల నుంచి వస్తుంది. ఉత్తరాన మహానది పాయలు. మహానది కటక్ ఎగువన నరాజ్ దగ్గర చీలి కాఠజోడి అవుతుంది, అందులోంచి కువాఖై, అందులోంచి దయ, భార్గవి నదులు పుట్టి చిలికా ఉత్తర భాగంలో కలుస్తాయి. అశోకుడి శాసనం ఉన్న ధౌళి కొండ కింద పారే దయ నది ఇదే. సరస్సుకు వచ్చే మంచినీటిలో పెద్ద వాటా ఈ పాయలదే, వాటితో పాటు వచ్చే ఒండ్రు కూడా వీటిదే. రెండో వైపు పడమటి కొండల వాగులు. ఇవి చిన్నవి, వానాకాలంలో మాత్రమే గట్టిగా పారతాయి. మూడోది సముద్రం. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఇసుక మేటలోని సందుగుండా లోపలికి తోసుకొస్తుంది, ఆటు సమయంలో వెనక్కి లాగేస్తుంది. దక్షిణ కొసన పాలూరు కాలువ ఒకటి ఉంది. ఆంగ్లేయుల కాలంలో పడవల రాకపోకలకు, ఉప్పు రవాణాకు తవ్విన ఈ కాలువ చిలికాను ఋషికుల్య నది ముఖంతో కలుపుతుంది. దానిగుండా కూడా కొంత ఉప్పునీరు వస్తుంది.

ఈ మూడు నీళ్ళూ ఒకే పాళ్ళలో కలవవు. శ్రావణ భాద్రపదాల్లో మహానది వరద పోటెత్తినప్పుడు ఉత్తర భాగంలో నీళ్ళు దాదాపు తియ్యగా ఉంటాయి, నోట్లో పోసుకున్నా ఉప్పు తగలదు. వైశాఖంలో వాగులు ఎండి, ఎండకు నీరు ఆవిరై, సముద్రం లోపలికి చొరబడితే ఆ సందు దగ్గరి నీళ్ళు అచ్చం సముద్రపు నీళ్ళే, లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు. మధ్య భాగం ఈ రెంటి మధ్య ఊగిసలాడుతుంది. దక్షిణాన రంభ వైపు మాత్రం ఏడాది పొడవునా పెద్దగా మార్పు ఉండదు. అక్కడ లోతు ఎక్కువ, నదుల వరద అంత దూరం బలంగా రాదు. అందుకే శాస్త్రజ్ఞులు ఒకే సరస్సును ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలుగా, సముద్రానికి దారితీసే బయటి కాలువగా నాలుగు ముక్కలు చేసి చదువుతారు. ఒక్కో ముక్కలో ఒక్కో లోకం. పడవవాడు నెల అడిగాడు గాని, నిజానికి ఏ మూల అని కూడా అడగాల్సింది.

సముద్రం సరస్సులోకి వచ్చే ఆ సందును మన తీరంలో మొగ అంటాం. మొగ ఒక చోట నిలిచి ఉండేది కాదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా కొడతాయి. ప్రతి అలా కొంచెం ఇసుకను ఈశాన్యం వైపు జరుపుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక కోతకు గురవుతుంటే, రేవు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోయడం అక్కడివారు చూసే ఉంటారు. దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకను రేవు గోడలు ఆపడం వల్ల వచ్చిన తిప్పలు అవి. చిలికా దగ్గర ఆ ఇసుకను ఆపే గోడ లేదు. అది మొగ మీదుగా నడుస్తుంది. మొగకు దక్షిణం వైపున్న ఇసుక నాలుక పెరుగుతూ పోతుంది, మొగ దాని ముందు ఈశాన్యానికి జరుగుతూ పోతుంది. సరస్సు నుంచి సముద్రానికి వెళ్ళే బయటి కాలువ ఏటేటా సాగి సాగి పాములా పొడవవుతుంది. పోటు అంత దూరం ప్రయాణించి లోపలికి వచ్చేసరికి దానిలో సత్తువ ఉండదు. మరోవైపు నదులు తెచ్చిన ఒండ్రు బయటికి పోయే దారిలేక లోపలే దిగబడుతుంది.

1980లు, 90లలో జరిగింది ఇదే. ఉప్పు తగ్గింది. ఉప్పు తగ్గగానే మంచినీటి కలుపు మొక్కలకు రాజ్యం దొరికింది. ఉత్తర భాగం నుంచి రెల్లు, గుర్రపు డెక్క, నీటి అడుగు నాచు వందల చదరపు కిలోమీటర్లు కమ్మేశాయి. కలుపు ఒండ్రును పట్టి ఉంచుతుంది, ఒండ్రు లోతును తగ్గిస్తుంది, లోతు తగ్గితే కలుపు ఇంకా పెరుగుతుంది. చిలికా 1981లోనే రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. మన దేశం నుంచి మొదట ఆ జాబితాకెక్కినవి రెండే, రెండోది భరత్‌పూర్‌లోని కేవలాదేవ్. అంత పేరున్న సరస్సు 1993 నాటికి మాంట్రో రికార్డులో చేరింది. ప్రమాదంలో పడిన చిత్తడి నేలల పేర్లు రాసే పట్టిక అది. ఆస్పత్రిలో అత్యవసర విభాగం అనుకోండి.

ఒడిశా ప్రభుత్వం 1991లో చిలికా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. పుణేలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం, గోవాలోని జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ లెక్కలు కట్టాయి. కలుపు పీకితే లాభం లేదు, ఒండ్రు తోడితే లాభం లేదు, ఇసుక మేటను సరైన చోట కోసి కొత్త మొగ తెరవాలి అని తేలింది. 2000 సెప్టెంబరు 23న పూరీ జిల్లాలోని సాతపడకు చేరువలో కోసేశారు. సముద్రానికి దూరం ఒక్క దెబ్బతో దాదాపు 18 కిలోమీటర్లు తగ్గింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చేపల లెక్కల్లో కనిపిస్తుంది. 1980ల మధ్యలో ఏటా ఎనిమిది వేల టన్నులకు పైగా చేపలు, రొయ్యలు, పీతలు పట్టేవారు. 1990ల మధ్యకు అది 1,300 టన్నుల దరిదాపులకు పడిపోయింది. కొత్త మొగ తెరిచిన ఏడాదిన్నరలోనే, 2001-02లో, 11 వేల టన్నులు దాటింది. ఇంత వేగంగా ఎలా? ఎవరూ చేపపిల్లలు తెచ్చి వదల్లేదు. తలుపు తీశారు, అంతే. చిలికాలో విలువైన జీవాలు చాలావరకు రెండిళ్ళ కాపురం చేసేవి. కత్తిపరిగె సరస్సులో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి వెళ్తుంది. పండుగప్ప అంతే. టైగర్ రొయ్య సముద్రంలో పుడుతుంది, దాని పిల్లలు పోటుతో పాటు లోపలికి వచ్చి నాచు మధ్య దాక్కుని ఎదుగుతాయి. మండపీతలో ఆడది గుడ్లు వదలడానికి ఉప్పు ఎక్కువున్న చోటికి నడుస్తుంది. పులసది మాత్రం ఎదురు దారి, సముద్రం నుంచి మంచినీటి వైపు ఎగబాకుతుంది. ఇన్ని రాకపోకలకూ దారి ఒక్క మొగే. అది సన్నబడితే లోపలివి బయటికి పోలేవు, బయటివి లోపలికి రాలేవు. 2002లో చిలికా పేరును మాంట్రో రికార్డు నుంచి తీసేశారు. ఆసియాలో అలా బయటపడిన మొదటి చిత్తడి నేల ఇది. అదే ఏడాది రామ్‌సర్ పురస్కారం కూడా వచ్చింది.

బాలుగావ్ చేపల సంతకు ఒకసారి పొద్దున్నే వెళ్ళి చూడండి. మండపీతల డెక్కలను గడ్డితాడుతో కట్టి వరసగా పేర్చి ఉంటారు. ఒక్కొక్కటి అరచేతి వెడల్పు, వీపు మీద ఇంకా బురద ఆరని మెరుపు. కట్టు సడలితే వేలు పోయినట్టే, అందుకని అమ్మే ఆవిడ డెక్కల వైపు నుంచి కాక వెనక కాళ్ళ దగ్గర పట్టి ఎత్తి చూపిస్తుంది. మా పిన్ని మాత్రం పొట్ట కింద రేకు వెడల్పు చూసి ఆడదో మగదో తేల్చి, తర్వాతే బేరం మొదలుపెట్టింది. ఆడపీతలో గుడ్డుంటే రుచి అంటుంది ఆవిడ. సముద్రానికి నడవాల్సిన పీత మా గిన్నెలోకి నడిచింది, తినేశాం. ఆ మాట దాచుకోను.

చిలికాలో అందరూ చూడాలనుకునేది డాల్ఫిన్‌ను. ఇక్కడున్నది ఇర్రావాడీ డాల్ఫిన్. బర్మాలోని ఐరావతి నది పేరు మీద వచ్చిన పేరు అది. గంజాం, శ్రీకాకుళం జిల్లాల నుంచి రంగం (రంగూన్) వలసపోయిన మన తాతలు చూసిన నది. అయితే ఈ జీవి శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది బర్మా నుంచి కాదు, విశాఖపట్నం నుంచి. 1852లో విశాఖ రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగా 1866లో ఆంగ్లేయ జీవశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ దాన్ని వర్ణించాడు. ముక్కు పొడుగ్గా ఉండదు, గుండ్రటి బోడి తల, వీపు మీద చిన్న రెక్క. సినిమాల్లో చూసే డాల్ఫిన్‌లా గాల్లోకి ఎగరదు. నీళ్ళ మీద బూడిదరంగు వీపు ఒకసారి మెరిసి, ఒక బుస వినిపించి, మాయమవుతుంది. నోటితో నీళ్ళు చిమ్మి చేపల గుంపును దగ్గరకు తోలుకునే అలవాటు దీనికుంది. ప్రపంచంలో ఇవి ఇలాంటి ఉప్పునీటి సరస్సుల్లో నివసించే చోట్లు రెండే, ఒకటి చిలికా, రెండోది థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లా. ఇక్కడ వీటి సంఖ్య ఇటీవలి లెక్కింపుల్లో నూటయాభై పైచిలుకు మాత్రమే వస్తోంది.

నూటయాభై అంటే మా వీధిలో ఉన్న ఇళ్ళన్ని కూడా లేవు. అంత తక్కువ జీవాలకు వలలో చిక్కడం ఒక గండం, పడవ మోటారు రెక్కలు రెండో గండం. సాతపడ వైపు డాల్ఫిన్లు చూపిస్తామని తీసుకెళ్ళే పడవల్లో కొన్ని వీపు కనబడగానే గుంపుగా అటు పరుగెత్తుతాయి. టికెట్టు కొన్నాం కాబట్టి చూపించి తీరాలని పడవలో ఉన్నవాళ్ళే కేకలు వేస్తారు. నేను ఎక్కిన పడవలోనూ అదే జరిగింది. దూరంగా మోటారు ఆపి కూర్చుంటే పది నిమిషాల్లో అవే బయటికి వస్తాయి. పది నిమిషాలు ఊరికే కూర్చోవడం మనవల్ల కావడం లేదు.

పక్షులది వేరే లెక్క. వాటికి కావలసింది ఉప్పు ఎంత అని కాదు, నీళ్ళు ఎంత లోతు అని. సరస్సు మధ్యలో నలబణ అనే దీవి ఉంది. నల అంటే రెల్లు, బణ అంటే వనం. వానాకాలంలో ఈ దీవి పూర్తిగా మునిగిపోతుంది. పటంలో ఉంటుంది, కళ్ళకు కనిపించదు. కార్తీకం వచ్చాక నీరు దిగుతుంటే అంగుళం అంగుళంగా పైకి తేలుతుంది. మొదట జానెడు నీళ్ళుంటాయి, అప్పుడు సూదితోక బాతులు, బాపన బాతులు దిగి తలలు ముంచి గింజలు, వేర్లు ఏరుకుంటాయి. నీళ్ళు ఇంకా తగ్గి బురద బయటపడితే పొడుగు ముక్కుల పక్షుల వంతు వస్తుంది. ముక్కు పొడవును బట్టి ఎవరి లోతు పురుగు వారిది. పొడుగు కాళ్ళ రాజహంసలు (ఫ్లెమింగోలు) నడుమ మిగిలిన పలచటి నీళ్ళలో తల తిరగేసి వడపోసుకుంటాయి. అంటే నీరు దిగే వేగమే పక్షుల భోజనాల బంతిని వరస పెడుతుంది. సైబీరియా, మంగోలియా, లద్దాఖ్ వంటి చోట్ల నుంచి శీతకాలానికి ఇక్కడికి చేరే పక్షులు, స్థానికంగా ఉండేవి కలిపి ఇటీవలి ఏళ్ళ జనవరి లెక్కింపుల్లో పది లక్షలు దాటాయి. ఆ గుంపుల్లో పెద్ద భాగం ఈ ఒక్క దీవి చుట్టూనే కనిపిస్తుంది.

ఉత్తర ఒడ్డున ఖుర్దా జిల్లాలోని మంగళాజోడి మరో పక్షి కేంద్రం. నీళ్ళు తియ్యగా ఉండి రెల్లు దట్టంగా పెరిగే చోటు. ఒకప్పుడు ఆ ఊరి పేరు చెబితే పక్షుల వేటే గుర్తొచ్చేది. విషం పెట్టి, వలలు పన్ని పట్టి అమ్మేవారు. 2000లో ఊరివాళ్ళే మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడ్డారు. పక్షి ఏ వేళకు ఎక్కడ దిగుతుందో వేటగాడి కంటే బాగా ఎవరికి తెలుసు? అదే తెలివితో ఇప్పుడు గడలతో చిన్న పడవలు నడుపుతూ వచ్చేవారికి పక్షులు చూపిస్తున్నారు. మోటారు మోత ఉండదు, నీలి బొల్లికోడి పడవకు బారెడు దూరంలో రెల్లు విరుచుకుని నములుతూ కనిపిస్తుంది.

ఆ రెల్లు పొదల్లోనే రాత్రిపూట తిరిగే బావురు పిల్లి గురించి ఈ మధ్యదాకా ఎవరికీ పెద్దగా పట్టలేదు. కోరంగి మడ అడవుల్లో ఉండే చేపలు పట్టే పిల్లే ఇది. 2022లో వెల్లడైన లెక్క ప్రకారం చిలికా చుట్టూ 176 బావురు పిల్లులు ఉన్నాయి. పులుల అంచనాలకు వాడినట్టే దారుల్లో కెమెరాలు పెట్టి, ఒంటి మీది మచ్చలను బట్టి ఒక్కోదాన్ని గుర్తించారు. అలాగే రంభ దగ్గరి బర్కుడా దీవిలో కాళ్ళు లేని ఒక బల్లి జాతి ఉంది. 1917లో జంతుశాస్త్రజ్ఞుడు నెల్సన్ అనండేల్ దాన్ని వర్ణించి దీవి పేరే పెట్టాడు. దాని దగ్గరి చుట్టం ఇంకోటి విశాఖపట్నం ప్రాంతంలో ఉంటుంది. ఖోండలైట్ రాళ్ళలాగే బల్లులకూ ఈ తీరంలో బంధుత్వాలున్నాయన్నమాట.

ఇంత సంపదకు రక్షణ ఏమిటి అని అడిగితే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. "చిలికా రక్షిత సరస్సు" అని అందరూ ఒకే మాటలో అంటారు. అందులో కనీసం నాలుగు వేర్వేరు రక్షణలు ఒకదానిపై ఒకటి పడి ఉన్నాయి. వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంగా ప్రకటించింది నలబణ ఒక్కటే, 1987లో, 15.53 చదరపు కిలోమీటర్లు. మొత్తం సరస్సులో అది నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. రామ్‌సర్ గుర్తింపు సరస్సు మొత్తానికి ఉంది గాని అది అంతర్జాతీయ మాట, దానంతట అది ఎవరినీ జైల్లో పెట్టదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. వీటన్నిటి మధ్య, ఇక్కడ తరతరాలుగా చేపలు పట్టుకుంటున్న వారి హక్కులు ఉన్నాయి.

కొల్లేరుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ఐదో కాంటూరు (సముద్ర మట్టం కంటే ఐదడుగుల ఎత్తు) అని నేల మీద ఒక గీత గీశారు. తగాదా అంతా గీతకు లోపలా బయటా అన్నదే. 2006లో గీత లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. చిలికాలో అలాంటి గీత గీసి జనాన్ని బయట పెట్టడం కుదరదు. రెండు లక్షల మంది దాని మీద బతుకుతున్నారు. కేవట, తియర, కండరా, నోలియా వంటి కులాల వారికి ఎవరి వల వారిది, ఎవరి నీళ్ళు వారివి అన్న పాత కట్టుబాట్లున్నాయి. దీవుల చుట్టూ నీరు దిగే కాలంలో వెదురు దడులు కట్టి పట్టే వేటను జనో అంటారు, వల వేసి పట్టేది బహణి. నోలియాలు అంటే మనవాళ్ళే, ఇంట్లో తెలుగు మాట్లాడే సముద్రపు జాలరులు. వారి నేర్పు అలల మీద, వారి చోటు సముద్రం ఒడ్డున, మొగ వైపున. సరస్సు లోపలి నీళ్ళు ఎక్కువగా ఒడియా జాలరులవి.

ఈ కట్టుబాటును రొయ్య చెదరగొట్టింది. 1980లలో టైగర్ రొయ్యకు విదేశాల్లో గిరాకీ పెరిగాక, జాలరులు కానివారు కూడా సరస్సు అంచున నీళ్ళ చుట్టూ మట్టి గట్లు, వలల దడులు కట్టి రొయ్యలు పెంచడం మొదలుపెట్టారు. వీటిని ఘేరీలు అంటారు. 1991లో ప్రభుత్వం గుత్త విధానం మార్చింది. టాటా సంస్థ భాగస్వామిగా పెద్ద రొయ్యల ప్రాజెక్టు కూడా తలపెట్టారు. జాలరులు చిలికా బచావో ఆందోళన్ పేరుతో తిరగబడ్డారు, ఆ ప్రాజెక్టు ఆగింది. ఘేరీలు ఆగలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల సాగు పనికిరాదని తీర్పిచ్చింది. పులికాట్ దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా ఆ తీర్పులో ఉంది. నేలపట్టు పక్షికీ చిలికా రొయ్యకూ ఒకే కాగితం మీద న్యాయం రాశారు. అయినా 1999 మే 29న సొరాణ గ్రామంలో ఘేరీల గొడవ ముదిరి, పోలీసు కాల్పుల్లో నలుగురు మరణించారు.

ఘేరీని తప్పుపట్టడానికి న్యాయశాస్త్రం అక్కర్లేదు, ఉప్పు లెక్క చాలు. లోతు తక్కువైన అంచు నీళ్ళే చేపపిల్లల ఊయల. అక్కడ గట్టు కడితే పోటుతో వచ్చిన పిల్ల ఎదిగే చోటు పోతుంది. దడులు నీటి ప్రవాహాన్ని నెమ్మది చేసి ఒండ్రును ఆపుతాయి. డాల్ఫిన్ తిరిగే దారి మూసుకుపోతుంది. అధికారులు వచ్చి దడులు పీకేసిన చోట్లకు డాల్ఫిన్లు మళ్ళీ రావడం, మళ్ళీ కొన్నాళ్ళకు దడులు లేవడం, రెండూ జరిగాయి. కోర్టు తీర్పుంది, కొలతలున్నాయి. కానీ ఒక పంట రొయ్యకు వచ్చే డబ్బు తీర్పు కాగితం కంటే గట్టిగా పిలుస్తుంది. ఘేరీ కట్టేవారంతా ధనవంతులే అని కూడా నేను అనను. వల నిండని రోజుల్లో జాలరి కూడా ఘేరీ వైపు చూశాడు.

తెరిచిన మొగ తెరిచినట్టే ఉంటుందా అంటే అదీ లేదు. ఇసుక నడక ఆగదు. 2008లో గబకుండ దగ్గర సముద్రం తనంతట తానే ఇంకో మొగ తెరుచుకుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2019 మేలో ఫణి పూరీ దగ్గర దాటి ఇసుక మేటను మళ్ళీ అక్కడక్కడా తెంచింది. తుపాను మనకు విధ్వంసం. సరస్సుకు అది ఒక్కోసారి అడ్డం తీసే పలుగు. మొగ మరీ వెడల్పయితే వేరే కష్టం. ఉప్పు ఎక్కువై ఉత్తరాన మంచినీటి చేపలు, మంగళాజోడి రెల్లు దెబ్బతినవచ్చు. ఎగువన నరాజ్ బ్యారేజీ దగ్గర ఎప్పుడు ఎంత నీరు వదులుతారన్నది కూడా ఈ తూకంలో ఒక రాయి. కాబట్టి చిలికాను చూసుకునేవారి రోజువారీ పని పులిని కాపలా కాయడం లాంటిది కాదు. పడవలో తిరుగుతూ చోటుచోటా నీరు ముంచి ఉప్పు కొలవడం, లోతు కొలవడం, మొగ ఎంత జరిగిందో చూడడం.

ఈ ఏడాది భాద్రపదంలో పనిమీద ఖుర్దా వైపు వెళ్ళి మంగళాజోడి గట్టు మీద ఆగాను. పక్షుల కాలం కాదు కాబట్టి సందర్శకులు లేరు. నీళ్ళు రెల్లు నడుము దాకా ఎక్కి ఉన్నాయి. వంగి దోసిట్లో తీసుకుని రుచి చూశాను. ఉప్పు లేదు, కొంచెం మట్టి వాసన, అంతే. పిన్నికి ఫోను చేసి చెప్పాను.

"అయితే చెరువే" అంది. ఒక్క క్షణం ఆగి, "వైశాఖంలో సాతపడ వెళ్ళి, అక్కడ కూడా చూసి చెప్పు" అంది.